ట్యాంకు నిండా ఇంకు

ఇంక్‌జెట్ ప్రింటరుకు ఇంకు అందే దారులు రెండు. ఒకటి కార్ట్రిడ్జ్. కొద్ది మిల్లీలీటర్ల ఇంకు నింపి, మూత బిగించి, చాలా రకాల్లో చిప్పు కూడా తగిలించి అమ్మే చిన్న డబ్బా అది. అయిపోతే తీసి పారేసి కొత్తది కొనాలి. రెండోది ట్యాంకు. రంగుకొకటి చొప్పున ప్రింటరు పక్కనో లోపలో తొట్లు ఉంటాయి. వాటి నుంచి, కాగితం మీద ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్డు దాకా సన్నటి గొట్టాలు వెళతాయి. ఇంకు తగ్గితే సీసాతో పోసుకోవడమే. ఈ రెండో ఏర్పాటు పేరు కంటిన్యుయస్ ఇంక్ సప్లై సిస్టమ్. అంగళ్ళలో దీన్ని సీఐఎస్ఎస్ అంటారు. బయట కొని తగిలించుకునే కిట్టుగా వాడుకలోకి వచ్చి, చివరికి కంపెనీలే ప్రింటరుతో కలిపి అమ్మే స్థాయికి చేరింది. పేజీ ఖర్చును రూపాయల నుంచి పైసల్లోకి దించిన ఘనత దీనిదే. అయితే కార్ట్రిడ్జ్ ఉన్నప్పుడు కంపెనీ చూసుకున్న పనులు కొన్ని ట్యాంకు వచ్చాక ఇంటివాళ్ళ నెత్తిన పడ్డాయి. కర్ణాటకలోని కోలారు, కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) వంటి పొడి నేలల్లో ఆ పనులు తెలియకుండా ప్రింటరు కొంటే లాభం కాస్తా నష్టమవుతుంది.

కోలారు జిల్లా కాగితాలు

కోలారు, బంగారపేట, కేజీఎఫ్, మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపుర తాలూకాలున్న ఈ జిల్లాలో ఇంటి భాష ఒకటి, కచేరి భాష ఇంకొకటి. ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ముళబాగిలు, శ్రీనివాసపుర పల్లెల్లో తెలుగు ఇంటి మాట. కేజీఎఫ్ గని కార్మికుల లైన్లలో తమిళం ఎక్కువ, తెలుగూ ఉంది. పట్టణ పేటల్లో ఉర్దూ వినిపిస్తుంది. బడి, కచేరి, బస్సు బోర్డు మాత్రం కన్నడం. అందువల్ల ఒకే ఇంట్లో కన్నడంలో పహణి (భూమి రికార్డు), తెలుగులో లగ్నపత్రిక, ఇంగ్లీషులో ఉద్యోగ దరఖాస్తు అవసరమవుతాయి. సీసపు అచ్చుల కాలంలో ప్రతి లిపికీ వేరే అక్షరాల పెట్టె కావాల్సి వచ్చేది. ఇంక్‌జెట్ ప్రింటరుకు లిపి భేదం లేదు. కంప్యూటరులోనో ఫోనులోనో యూనికోడ్ ఫాంటు ఉంటే చాలు, ఏ భాషయినా దానికి చుక్కల వరసే.

కాగితం అవసరమూ పెరిగింది. కర్ణాటకలో 2000 ప్రాంతంలో వచ్చిన భూమి పథకంతో చేతిరాత పహణి పోయి కంప్యూటరు ప్రింటు వచ్చింది. నాడ కచేరి (రెవెన్యూ కార్యాలయం) ఇచ్చే కుల, ఆదాయ ధ్రువపత్రాలను ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే దించుకోవచ్చు. దించుకున్నది చేతికి రావాలంటే ప్రింటరు కావాలి. కేజీఎఫ్ సంగతి మరికొంత వేరు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు నడిపే భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ మూతపడ్డాక ఇక్కడి ఎన్నో కుటుంబాలు పనికోసం బెంగళూరు రైలెక్కడం మొదలుపెట్టాయి. మారికుప్పం నుంచి పొద్దున్నే కదిలే రైళ్ళు అందుకు సాక్ష్యం. ఊళ్ళో కొలువు కాకుండా బయట కొలువు వెతుక్కునే ఇంట్లో బయోడేటా, మార్కుల జాబితా, గుర్తింపు కార్డుల నకళ్ళు మాటిమాటికీ అవసరమవుతాయి. పిల్లల ప్రాజెక్టులు, ప్రశ్నపత్రాలు వీటికి అదనం. ప్రతిసారీ జెరాక్స్ అంగడికి పోయి వరసలో నిలబడటమా, ఇంట్లోనే యంత్రం పెట్టుకోవడమా అనే ప్రశ్న అక్కడే పుడుతుంది.

చుక్క పుట్టే విధానం

ఇంక్‌జెట్ హెడ్డులో నాజిళ్ళనే రంధ్రాలు వందల కొద్దీ ఉంటాయి. ఒక్కో రంధ్రం అడ్డుకొలత మైక్రాన్లలో ఉంటుంది. మామూలు ఇంటి ప్రింటరు విసిరే అతి చిన్న చుక్క మూడు పికోలీటర్ల వరకూ ఉండొచ్చు. ఆ లెక్కన ఒక మిల్లీలీటరు ఇంకులో ముప్పై మూడు కోట్ల చుక్కలుంటాయి. నీలి, గులాబి, పసుపు, నలుపు చుక్కలను కాగితం మీద పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి వేస్తూ మిగిలిన రంగులన్నీ పుట్టిస్తారు.

చుక్కను విసిరే పద్ధతులు రెండు. మొదటిది వేడి. నాజిల్ వెనక చిన్న హీటరు సెకనులో అతి స్వల్ప భాగం పాటు వేడెక్కి, ఇంకులో ఆవిరి బుడగ లేపుతుంది. ఆ బుడగ చుక్కను బయటికి తోస్తుంది. 1977లో కేనన్ పరిశోధకుడు ఇచిరో ఎండో పనిచేస్తుండగా వేడి సోల్డరింగ్ కడ్డీ ఇంకు సిరంజి సూదికి తగిలి ఇంకు చిమ్మింది. ఆ కంపెనీ బబుల్ జెట్ పద్ధతికి అదే నాంది. హెచ్‌పీ విడిగా ఇదే దారిలో నడిచి 1984లో థింక్‌జెట్ ప్రింటరును తెచ్చింది. రెండోది పీడనం. విద్యుత్తు తగిలితే ఆకారం మారే పీజో స్ఫటికం ఇంకు గదిని నొక్కి చుక్కను తోస్తుంది. ఎప్సన్ ఎంచుకున్నది ఇది.

ట్యాంకు వాడకానికి ఈ తేడా ముఖ్యం. పీజో హెడ్డును ప్రింటరులో శాశ్వతంగా బిగిస్తారు. వేడి పద్ధతి వాడే చాలా చవక ప్రింటర్లలో హెడ్డు కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది, దాంతోపాటే మారుతుంది. వేడి హెడ్డుకు ఇంకే చల్లదనం. గొట్టంలో గాలి చేరి ఇంకు అందకుండా ప్రింటు కొడితే హీటర్లు మాడిపోతాయి. పీజో హెడ్డులో గాలి బుడగ చేరితే స్ఫటికం నొక్కినా బుడగే కుంచించుకుపోతుంది, చుక్క మాత్రం రాదు. హెడ్డు కాలిపోదు గానీ ఆ రంగు అచ్చు పడదు. రెంటికీ శత్రువు గాలే.

ప్రింటరు చౌక, ఇంకు ప్రియం

ఇంటి ప్రింటర్ల వ్యాపారం చాలాకాలం ఒకే సూత్రం మీద నడిచింది. యంత్రాన్ని తక్కువ లాభానికి అమ్మి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కార్ట్రిడ్జ్‌ల మీద సంపాదించడం. కార్ట్రిడ్జ్‌లోని చిప్పు ఎంత ఇంకు ఖర్చయిందో లెక్క పెట్టి, లెక్క పూర్తయ్యాక ఖాళీ అని ప్రింటరుకు చెబుతుంది. సిరంజితో మళ్ళీ నింపినా చిప్పు ఒప్పుకోదు. దీనికి విరుగుడుగా బయటి తయారీదారులు తమంతట తామే రీసెట్ అయ్యే చిప్పులు తెచ్చారు. వాటికి గొట్టాలు, ట్యాంకులు జోడించి సీఐఎస్ఎస్ కిట్లు అమ్మారు. మన దేశంలో ఎప్సన్ టీ13, కేనన్ ఐపీ2770 వంటి ప్రింటర్లకు ఈ కిట్లు బాగా తగిలించారు. కేనన్, హెచ్‌పీ కార్ట్రిడ్జ్‌లకైతే పైన రంధ్రం చేసి, రబ్బరు బిరడాలోంచి గొట్టం దించేవారు. ఫొటో స్టూడియోలు, జెరాక్స్ అంగళ్ళు మొదట వాడాయి. వాళ్ళను చూసి ఇళ్ళలోకీ వచ్చింది.

ఇండోనేసియాలో ఈ కిట్ల వాడకం ఎంత పెరిగిందంటే, ఎప్సన్ తానే ట్యాంకు బిగించిన ప్రింటర్లను 2010 అక్టోబరులో అక్కడే తొలిసారి విడుదల చేసింది. 2011లో అవి మన దేశానికి వచ్చాయి. 2015-16 నాటికి కేనన్ జీ వరస, హెచ్‌పీ జీటీ వరస, బ్రదర్ ట్యాంకు ప్రింటర్లు అదే బాట పట్టాయి. కంపెనీలు ఇక్కడ లెక్కను తలకిందులు చేశాయి. యంత్రం ధర పెంచి, ఇంకు ధర తగ్గించాయి. అందుకే ఈనాడు కొత్తగా కొనేవారికి బయటి కిట్టు అవసరం చాలావరకు లేదు. పాత కార్ట్రిడ్జ్ ప్రింటరు మంచి స్థితిలో ఉన్నవారికి, ఆ పనిలో చెయ్యి తిరిగినవారికి మాత్రమే అది పనికొస్తుంది.

మట్టం తప్పితే మొదటికే మోసం

ట్యాంకు పద్ధతి అంతా ఇంకు మట్టం మీద ఆధారపడింది. హెడ్డు నాజిళ్ళు కింది వైపుకు తెరుచుకుని ఉంటాయి. ఇంకు ఊరికే కారిపోకుండా, అలాగని లోపలికి వెనక్కి పోకుండా రంధ్రం అంచున నిలవాలి. అందుకు నాజిల్ దగ్గర బయటి గాలి కన్నా కొంచెం తక్కువ పీడనం ఉండాలి. కార్ట్రిడ్జ్‌లలో ఈ పని లోపలి స్పాంజి చేస్తుంది. ట్యాంకులో స్పాంజి ఉండదు. ట్యాంకులోని ఇంకు మట్టం నాజిళ్ళ కంటే కొద్ది సెంటీమీటర్లు కిందుగా ఉండటమే ఆ పీడనాన్ని నిలుపుతుంది.

డ్రమ్ములోని నీళ్ళను గొట్టంతో కింది బిందెలోకి దించడం కేజీఎఫ్ ఇళ్ళలో అందరికీ తెలిసిన పనే. ట్యాంకును ప్రింటరు మీద పెడితే ఇంకు అచ్చం అలాగే దిగుతుంది. నాజిళ్ళ గుండా కారి ప్రింటరు అడుగున మడుగు కడుతుంది. బల్ల కిందో, నేల మీదో పెడితే ఇంకు వెనక్కి జారి గొట్టంలో గాలి చేరుతుంది. ప్రింటరు, ట్యాంకు ఒకే బల్ల మీద పక్కపక్కన ఉండాలన్న నియమానికి కారణం ఇదే.

ఇంకు వాడేకొద్దీ మట్టం తగ్గుతుంది కదా, పీడనం మారదా అన్న ప్రశ్నకు జవాబు ట్యాంకు నిర్మాణంలోనే ఉంది. మంచి కిట్లలో ఒక్కో రంగుకు రెండు గదులు ఉంటాయి. పెద్ద గది పైభాగం గాలి చొరకుండా మూసి ఉంటుంది, చిన్న గది గాలికి తెరిచి ఉంటుంది. రెండూ అడుగున కలుస్తాయి. పెద్ద గదిలోంచి ఇంకు పోయినకొద్దీ చిన్న గది గుండా గాలి బుడగలుగా వెళ్ళి ఆ చోటు నింపుతుంది. దాంతో పెద్ద గదిలో ఇంకు ఎంత ఉన్నా హెడ్డుకు తెలిసే మట్టం ఆ అడుగు కలయిక దగ్గరిదే. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మే మరియోట్ పేరుతో పిలిచే సీసా సూత్రం ఇది. ఇంకు పోశాక పెద్ద గది బిరడా గట్టిగా బిగించాలి, చిన్న గది గాలి రంధ్రం తెరిచి ఉంచాలి. ఈ రెండిట్లో ఏది తారుమారైనా ఇంకు పొంగడమో, ఆగిపోవడమో తప్పదు. ప్రింటరును ఇల్లు మార్చేటప్పుడు మాత్రం గాలి రంధ్రం కూడా మూసి, యంత్రాన్ని పక్కకు ఒరగకుండా పట్టుకెళ్ళాలి.

బయటి కిట్టు బిగించే క్రమం

బిగించడానికి ముందు ప్రింటరు పాత కార్ట్రిడ్జ్‌లతోనే నాజిల్ చెక్ (నాజిళ్ళు పనిచేస్తున్నాయో లేదో చూపే పరీక్ష పుట) తీసి చూడాలి. హెడ్డు అప్పటికే మూసుకుపోయి ఉంటే కిట్టు దాన్ని బాగు చేయదు. తర్వాత ట్యాంకులు నింపి, సిరంజితో గొట్టాల్లోంచి ఇంకు లాగి, కార్ట్రిడ్జ్‌ల దాకా గాలి లేకుండా నింపాలి. రంగుల వరస ఒక్కటి తప్పినా తిరిగి శుభ్రం చేయడం గగనమవుతుంది.

అసలు నేర్పు గొట్టాల అమరికలో ఉంది. హెడ్డు కుడి చివర నుంచి ఎడమ చివర దాకా పరుగెత్తుతుంది. గొట్టం పొట్టిదైతే ఎడమ చివర హెడ్డును పట్టి లాగుతుంది, పొడవైతే మడత పడి ఇంకు ఆగుతుంది, లేదా కాగితానికి తగిలి గీతలు వేస్తుంది. కరెంటు తీసి, హెడ్డును చేత్తో నెమ్మదిగా అటూఇటూ జరిపి, ఎక్కడా బిగుసుకోకుండా, వేలాడకుండా క్లిప్పులు అతికించాలి. మూత గొట్టాలను నొక్కితే ఇంకు ఆగుతుంది కాబట్టి ఆ చోటూ చూసుకోవాలి. ఆ తర్వాత ఒకసారి హెడ్ క్లీనింగ్ చేసి, కొన్ని గంటలు వదిలి, మళ్ళీ నాజిల్ చెక్ తీయాలి. కంపెనీ ట్యాంకు ప్రింటర్లలో ఈ పనంతా కర్మాగారంలోనే అయిపోతుంది. కొన్నవారు ఇంకు పోసి, మొదటిసారి నింపే బటను నొక్కితే చాలు. ఆ తొలి నింపుడులో గొట్టాలు నిండటానికే కొంత ఇంకు పోతుంది. పెట్టెతో వచ్చిన సీసాలు చెప్పినన్ని పేజీలు రాకపోవడానికి కారణం అదే.

ఏ ఇంకు పోయాలి?

ఇంటి ప్రింటర్ల ఇంకులు ప్రధానంగా రెండు రకాలు. డై ఇంకులో రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. ఫొటో మెరుస్తుంది, నాజిల్ తక్కువ మూసుకుపోతుంది. కానీ మామూలు కాగితం మీద తడి తగిలితే చెదిరిపోతుంది, ఎండకు వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది. అక్షరాలు పదునుగా వస్తాయి, నీళ్ళకు నిలుస్తాయి. ఎండిపోతే మాత్రం నాజిల్‌ను గట్టిగా మూసేస్తుంది. ఎప్సన్ 664, 003 సీసాల్లో నాలుగు రంగులూ డై ఇంకే. కేనన్ జీఐ-790, హెచ్‌పీ జీటీ53 నలుపు సీసాల్లో పిగ్మెంట్ ఇంకు ఉంటుంది. కచేరి కాగితాలు, ధ్రువపత్రాలు ఎక్కువగా తీసే ఇంటికి పిగ్మెంట్ నలుపు మేలు. ఫొటోలు ఎక్కువగా తీసేవారికి డై మేలు.

మూడో రకం సబ్లిమేషన్ ఇంకు. కప్పుల మీద, టీషర్టుల మీద బొమ్మలు వేసే ఇంటి వ్యాపారాలకు ఇదే ఆధారం. ముందు కాగితం మీద అద్దం ప్రతిబింబంలా ప్రింటు తీసి, దాన్ని పూత వేసిన కప్పుకో పాలిస్టరు బట్టకో చుట్టి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో నొక్కుతారు. రంగు ఆవిరై లోపలికి దిగుతుంది. నూలు బట్ట మీద ఇది సరిగా పట్టదు. ఒకసారి ఈ ఇంకు పోసిన ప్రింటరును మళ్ళీ మామూలు ప్రింట్లకు మార్చడం తలనొప్పి. ఆ పనికి వేరే యంత్రం కేటాయించుకోవడమే మంచిది.

బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి బజార్లలో లీటరు సీసాల్లో దొరికే ఇంకులు చౌక. వాటితో ప్రింటరు వెంటనే పాడవుతుందన్నది అతిశయోక్తి. అయితే చుక్క సరిగ్గా తెగి పడటం ఇంకు చిక్కదనం మీద, తలతన్యత మీద ఆధారపడుతుంది. ఒక్కో హెడ్డుకు తగిన ఇంకు ఒక్కో తీరున ఉంటుంది. రెండు కంపెనీల ఇంకులు ట్యాంకులో కలిస్తే కొన్నిసార్లు జిగురులా పేరుకుని గొట్టాల్లో అడ్డుపడుతుంది. బయటి ఇంకు వల్ల వచ్చిన చెడుపుకు వారంటీ సాధారణంగా వర్తించదు. మార్చాలనుకుంటే పాత ఇంకు పూర్తిగా అయ్యేదాకా ఆగి, ఒకే రకానికి కట్టుబడి ఉండటం ఉత్తమం.

ఎండ, దుమ్ము, కరెంటు

ఇంకులో ప్రధాన భాగం నీళ్ళే. త్వరగా ఆరకుండా గ్లిజరిన్, గ్లైకాల్ వంటివి కలుపుతారు. ఎప్సన్ తన ఇంటి ప్రింటర్లకు చెప్పే అనుకూల వాతావరణం 10 నుంచి 35 డిగ్రీల వేడి, 20 నుంచి 80 శాతం తేమ. కోలారు పీఠభూమిలో ఫిబ్రవరి నుంచి మే దాకా గాలిలో తేమ పడిపోతుంది. మధ్యాహ్నాలు 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కప్పు కింద అది ఇంకా ఎక్కువ. తీరప్రాంతంలో పది రోజులు ఊరుకున్నా నడిచే ప్రింటరు ఇక్కడి వేసవిలో అంతకన్నా ముందే మొరాయించవచ్చు. వారానికి రెండుసార్లయినా నాలుగు రంగులూ ఉన్న ఒక పేజీ తీస్తే నాజిళ్ళు తెరిచి ఉంటాయి. నలుపు మాత్రమే ప్రింటు తీసే ఇంట్లో ముందుగా ఎండేది పసుపో గులాబో కావడానికి కారణం వాడకం లేకపోవడమే.

కేజీఎఫ్‌లో దుమ్ము ప్రత్యేక సమస్య. బంగారం తీశాక మిగిలిన సన్నటి పొడి గుట్టలుగా పేరుకుని సైనైడ్ దిబ్బలుగా ఊరి చుట్టూ నిలిచింది. గాలి వేగం పెరిగే నెలల్లో ఆ పొడి ఇళ్ళలోకి కొట్టుకొస్తుంది. దుమ్ము కాగితం లాగే రబ్బరు రోలర్ల మీద చేరితే కాగితం జారుతుంది. హెడ్డు కింద చేరితే నాజిల్‌కు అడ్డుపడుతుంది. ట్యాంకు మూత తెరిచి ఉన్నప్పుడు అందులో పడితే ఫిల్టరు మూసుకుపోతుంది. వాడనప్పుడు గుడ్డ కప్పడం, వెనక కాగితం ట్రే మూయడం, కిటికీ పక్కన పెట్టకపోవడం ఖర్చులేని జాగ్రత్తలు.

కరెంటు సంగతి మూడోది. శివనసముద్రం జలవిద్యుత్తు 1902లోనే గనులకు చేరిన ఊరు కేజీఎఫ్. ఈ కాలపు ఇళ్ళకు మాత్రం కోతలు కొత్తేమీ కాదు. ప్రింటు మధ్యలో కరెంటు పోతే హెడ్డు మధ్యలోనే ఆగిపోతుంది. పని ముగిశాక హెడ్డు కుడి చివర రబ్బరు మూత మీద కూర్చోవాలి. ఆ మూతే నాజిళ్ళను ఎండకుండా కాపాడుతుంది. మధ్యలో ఆగిన హెడ్డుకు ఆ రక్షణ లేదు. గోడ స్విచ్చు ఆపి ప్రింటరును నిలిపేసేవారి ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది. ముందు ప్రింటరు మీది బటను నొక్కి, దీపం ఆరాకే గోడ స్విచ్చు ఆపాలి. ఇంకు ట్యాంకు ప్రింటరు ప్రింటు కొట్టేటప్పుడు పదిహేను వాట్ల లోపు కరెంటుతో సరిపెట్టుకుంటుంది. ఎప్సన్ ఎల్3110 వాడేది 14 వాట్లు. చిన్న యూపీఎస్ మీదా హాయిగా నడుస్తుంది. టోనరును వేడితో కరిగించే లేజర్ ప్రింటరుకు వందల వాట్లు కావాలి. ఇంటి యూపీఎస్ మీద అది భారమే.

నాజిల్ చెక్ చదవడం

ప్రింటరు ఆరోగ్యం తెలిపే పత్రం నాజిల్ చెక్. రంగురంగుల మెట్లలాంటి సన్నగీతల గడి అది. ఒక్కో చిన్న గీత ఒక్కో నాజిల్ వేసింది. గీతలన్నీ తెగకుండా ఉంటే హెడ్డు బాగున్నట్టు. అక్కడొకటి ఇక్కడొకటి చెదురుమదురుగా లేకపోతే ఆ నాజిళ్ళు ఎండాయి, ఒక హెడ్ క్లీనింగ్ చాలు. ఒక రంగు మొదట బాగానే వచ్చి, పోనుపోను సగం గడి మాయమైతే నాజిల్ తప్పు కాదు, ఇంకు అందడం లేదు. గాలి రంధ్రం మూసి ఉందేమో, గొట్టం నలిగిందేమో, ట్యాంకు అడుగంటిందేమో చూడాలి. ప్రతిసారీ వేర్వేరు చోట్ల గీతలు పోతుంటే గొట్టంలో గాలి ఉన్నట్టు. ఒక రంగు గడిలో ఇంకో రంగు ఛాయ కనిపిస్తే హెడ్డు అడుగున మురికి చేరి రంగులు కలుస్తున్నట్టు.

ఈ తేడా తెలియకనే చాలామంది క్లీనింగ్ బటనును వరసగా నొక్కుతారు. ఒక్కో క్లీనింగు కొంత ఇంకును పంపుతో లాగి పారబోస్తుంది. వరసగా మూడుసార్లకు ఫలితం లేకపోతే ఆపేసి, రాత్రంతా వదిలేస్తే గాలి బుడగలు తేలిపోతాయి, గడ్డకట్టిన ఇంకు కొంత మెత్తబడుతుంది. అప్పటికీ కుదరకపోతేనే గొట్టాల్లోని ఇంకంతా మార్చే పవర్ ఫ్లషింగ్. దానికి ముందు ట్యాంకుల్లో కనీసం మూడో వంతు ఇంకు ఉండాలి. లేకుంటే గొట్టాల్లోకి గాలే చేరుతుంది. ధ్రువపత్రాల మీది క్యూఆర్ కోడు స్కాన్ కాక తిప్పి పంపే సందర్భాల్లోనూ ముందు అనుమానించాల్సింది తెగిన గీతలనే.

పారబోసిన ఇంకు ఎక్కడికి పోతుంది?

క్లీనింగులో లాగిన ఇంకు ప్రింటరు అడుగున ఉన్న స్పాంజి మెత్తలోకి చేరుతుంది. ప్రింటరు ఆ మొత్తాన్ని లెక్కగడుతూ ఉంటుంది. పరిమితి దాటగానే సర్వీసు కావాలన్న సందేశం చూపి పని ఆపేస్తుంది. అది యంత్రం చెడిపోయిన గుర్తు కాదు, మెత్త నిండిన గుర్తు. బజారులో దొరికే రీసెట్ సాఫ్ట్‌వేరుతో లెక్కను సున్నా చేయవచ్చు. చాలామంది అంతటితో ఆగుతారు. లెక్క సున్నా అయినంత మాత్రాన మెత్త ఖాళీ కాదు. దాన్ని మార్చకుండా నడిపితే ఇంకు పొంగి బల్ల మీదికి, కొన్నిసార్లు లోపలి విద్యుత్ భాగాల మీదికి వస్తుంది. రీసెట్ చేసినప్పుడల్లా మెత్త మార్చడమో, బయట సీసాలోకి గొట్టం తీయడమో చేయాలి. కొన్ని కొత్త నమూనాల్లో మెత్తను పెట్టెలా ఇంట్లోనే తీసి మార్చుకునే వీలుంది. కొనేటప్పుడు చూడదగిన విషయం ఇది. తడిసిన మెత్తను కాలువలో పడేయకూడదు. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి ప్రింటర్లు, కార్ట్రిడ్జ్‌లు కూడా వస్తాయి. పాత యంత్రాలను నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి.

పేజీ లెక్క

పేజీల సంఖ్యను కంపెనీలు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నిర్ణీత నమూనా పుటలను వరసగా ప్రింటు తీసి చెబుతాయి. ఫొటోలకు, నిండు రంగు పుటలకు ఆ లెక్క పనికిరాదు. ఎప్సన్ 003 నలుపు సీసాలో 65 మిల్లీలీటర్లు, చెప్పే పేజీలు 4500. సీసా ధర 350 రూపాయలు అనుకుంటే పేజీకి ఎనిమిది పైసలు. 190 పేజీలు వచ్చే చిన్న నలుపు కార్ట్రిడ్జ్ 900 రూపాయలు అనుకుంటే పేజీకి దాదాపు 4 రూపాయల 70 పైసలు. ట్యాంకు ప్రింటరు కార్ట్రిడ్జ్ ప్రింటరు కన్నా ఎనిమిది వేలు ఎక్కువైనా, 1750 పేజీల దగ్గర ఆ తేడా తీరిపోతుంది.

జెరాక్స్ అంగడితో పోల్చితే లెక్క మారుతుంది. అంగడిలో ప్రింటు ఐదు రూపాయలు, ఇంట్లో కాగితంతో కలిపి 70 పైసలు అనుకుంటే పేజీకి మిగిలేది 4 రూపాయల 30 పైసలు. పన్నెండు వేల ప్రింటరు ఖర్చు రాబట్టుకోవాలంటే దాదాపు 2800 పేజీలు తీయాలి. వారానికి యాభై పేజీలు తీసే ఇంటికి అది ఏడాదికి కాస్త పైన. వారానికి పది పేజీలు తీసే ఇంటికి ఐదేళ్ళు దాటుతుంది. ఈలోగా క్లీనింగులకు పోయే ఇంకు, మెత్త మార్పిడి అదనం.

చట్టం, వారంటీ

కొన్న వస్తువును సొంతదారు తనకు నచ్చినట్టు నింపుకోవచ్చా అన్నది ఇతర దేశాల్లో కోర్టుల దాకా వెళ్ళింది. అమెరికా సుప్రీంకోర్టు 2017లో లెక్స్‌మార్క్ టోనర్ కార్ట్రిడ్జ్‌ల కేసులో, ఒకసారి అమ్మాక ఆ వస్తువు మీద కంపెనీ పేటెంటు హక్కు ముగుస్తుందని తీర్పు చెప్పింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది చివర్లో పోర్టల్ తెరిచింది. కిట్టు తగిలించుకోవడం నేరమేమీ కాదు. వారంటీ ఉన్నన్నాళ్ళూ దాన్ని పోగొట్టుకోకపోవడం మాత్రం తెలివైన పని.

ప్రింటు తీసిన దానికీ హద్దులున్నాయి. ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్లతో ప్లాస్టిక్ కార్డుల మీద ఆధార్ ముద్రించి ఇచ్చే అంగళ్ళు పెరిగాక, బయటి బజారులో తీసిన అలాంటి కార్డుల్లో భద్రతా లక్షణాలు లేవని, వాటిని వాడవద్దని ఆధార్ సంస్థ 2022 జనవరిలో ప్రకటించింది. భద్రతా లక్షణాలున్న ప్లాస్టిక్ కార్డును 2020 అక్టోబరు నుంచి ఆ సంస్థే ఇస్తోంది. మొదలుపెట్టినప్పటి రుసుము 50 రూపాయలు.

ఎవరికి ఏది?

బడి పిల్లలున్న ఇల్లు, ఇంట్లోనే ట్యూషన్ చెప్పేవారు, చిన్న కార్యాలయం, ఫొటో పని ఉన్నవారు కంపెనీ ట్యాంకు ప్రింటరే కొనాలి. వారానికి ముప్పై నలభై పేజీలైనా తీసేవారికి అది నిలకడగా నడుస్తుంది, ఖర్చూ కలిసొస్తుంది. నలుపు కాగితాలే తీస్తూ, నెలల తరబడి మూసి ఉంచేవారికి లేజర్ మేలు. దాని టోనరు పొడి, ఎండిపోవడమన్నది లేదు. బయటి కిట్టు పాత పీజో ప్రింటరు ఉండి, మరమ్మతు చేతనైనవారికే. నెలకు ఇరవై పేజీలు దాటని ఇంటికి ఏ ప్రింటరూ గిట్టుబాటు కాదు. ఆ ఇంటికి జెరాక్స్ అంగడే చౌక. ప్రింటరు ధర అడిగే ముందు గడిచిన మూడు నెలల్లో ఇంట్లో ఎన్ని పేజీలు అవసరమయ్యాయో ఒక కాగితం మీద వేసుకుంటే, ఏది కొనాలో ఆ అంకే చెబుతుంది.